చావడి గోడ మీద చేతులు

గోడలకు చెవులుంటాయని లోకమంతా అంటుంది. రేవులంక చావడి గోడకు మాత్రం చేతులున్నాయి.

శోణపురి రాజ్యానికి అది కట్టకడపటి ఊరు. కొండల్లో పుట్టిన శోణానది రాజధాని కోటగోడల్ని ఒరుసుకుని, చెరకుతోటల్ని తడిపి, మొగలిపొదల నడుమ మందగించి, చివరికి ఆ ఊరి ముంగిట సముద్రంలో కలిసిపోతుంది. పొద్దున పూట అక్కడి నీళ్లు సగం తీపి, సగం ఉప్పు. ఒడ్డున మిట్ట మీద చావడి. మద్దిమాను స్తంభాలు, నాలుగు వైపులా వాలిన తాటాకు కప్పు, దూలాల మీద చెక్కిన చేపలూ శంఖాలూ. ఊరి తగవులు తీరేది అక్కడే, పన్నులు కట్టేది అక్కడే, రాజుగారి చాటింపు వినేదీ అక్కడే. ఊరిపెద్ద కూర్చునే అరుగు వెనక గోడకు జేగురు పూత పూశారు. ఆ ఎర్రటి గోడ నిండా, అరుగు మొదలుకొని అడ్డదూలం దాకా, తెల్లటి అరచేతుల అచ్చులు.

ఆ ఉదయం ఆ గోడ ముందు ఒక రాగి ఫలకం దిగింది. మనిషి రొమ్మంత వెడల్పు, బారెడు పొడవు. అంచుల చుట్టూ తామరతీగలు, తీగల మధ్య హంసలు, నడుమ బంగారు నీరు పోసిన పెద్ద అక్షరాల్లో ఒకే ఒక్క మాట: దైవమే మనకు దిక్కు.

దాన్ని తాళ్లతో వీపుకు కట్టుకుని మోసుకొచ్చిన కూలివాడు తన పేరు కొండడని చెప్పాడు. అసలు పేరు సుకేతుడు. రత్నకేతు మహారాజుకు రెండో కొడుకు. తలకు మాసిన పాగా, ముఖాన బొగ్గు మసి, భుజాల మీద తాడు కోసిన గాట్లు. గాట్లు మాత్రం నిజమైనవే.

యువరాజుకు కూలివేషం ఎందుకు పట్టిందో చెప్పాలి. కొన్నేళ్ల కింద అతని అన్న జయకేతుడు ఓడదొంగల్ని అణచడానికి నౌకాదళంతో అంజనద్వీపం వైపు వెళ్లాడు. వెళ్లిన ఓడ ఒక్కటీ తిరిగి రాలేదు. కొడుకు దిగులుతో మహారాజు సగమైపోయాడు. అప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలియదు గానీ శాంతఘోషుడనే గురువు కొలువులో చేరాడు. "మహారాజా, కత్తిని నమ్మి కొడుకును పంపావు, దైవాన్ని మరిచావు. ఇకనైనా రాజ్యంలోని ప్రతి చావడిలో, పెద్ద కూర్చునే అరుగు వెనక, అందరి కళ్లూ పడే చోట దైవవాక్యం వెలగనీ," అన్నాడు. కాదనడానికి అందులో ఏముంది? కొలువంతా చేతులు జోడించింది. అందరికంటే ముందు జోడించినవాడు సుకేతుడే.

ఫలకాలు బయల్దేరాయి. సముద్రతీరం ఊళ్ల నుంచి మాత్రం ఒక విడ్డూరమైన కబురు రాసాగింది. ఫలకం ఎక్కిన రోజున ఊరు ఊరంతా ఏడ్చిందట. "భక్తితో కన్నీళ్లు పెట్టుకున్నారు ప్రభూ," అని అధికారులు విన్నవించారు. మహారాజు మురిసిపోయాడు. సుకేతుడికి ఎందుకో మనసొప్పలేదు. భక్తితో ఏడ్చినవాళ్లు మర్నాటి నుంచి చావడి గడప తొక్కడం ఎందుకు మానేస్తారు? పోయి చూద్దామంటే, సముద్రతీరానికి పోతే యువరాజుకు ప్రాణగండమని గురువు కట్టడి చేశాడు. అందుకని అతను ముఖాన మసి పూసుకుని, మోతకూలీల్లో కలిసి, ఆఖరి ఫలకాన్ని వీపున వేసుకున్నాడు.

ఆ ఫలకం వెంట గుర్రమెక్కి వచ్చిన అధికారి పేరు కోమలదత్తుడు. పేరుకు తగ్గట్టే మాట వెన్నలా ఉంటుంది. మెడలో తులసిపూసలు, చేతిలో వెండిపొన్నుల కర్ర, వెనక ఇద్దరు భటులు.

ఊరిపెద్ద బయ్యన్న ఎదురొచ్చి దండం పెట్టాడు. మంచివాడే గానీ, ఎవరేమన్నా "అవునవును" తప్ప మరో మాట పుట్టని మనిషి. ఊళ్లో పిల్లలు కూడా అతన్ని అవునవున్ల తాత అంటారు. ఆ వేళ మాత్రం అతను చేతులు నలుపుకుంటూ నిలబడి, ఎన్నడూ లేనిది ఒక మాట అడిగాడు.

"అయ్యగారూ, దేవుడి మాట వద్దనే పాపిష్టివాడు మా ఊళ్లో లేడండీ. దేవుడికి దణ్ణం పెట్టకుండా పడవ తాడు విప్పం. అదిగో, తూర్పుగోడ ఖాళీగా ఉంది. పొద్దున్నే ఎండ తగిలితే పలక మెరిసిపోద్ది. ఈ గోడొక్కటీ వదిలెయ్యండి."

"బయ్యన్నగారూ, నడిమి అరుగు మీద మీరు కూర్చుని దైవాన్ని పక్కగోడకు నెడతారా?" కోమలదత్తుడు నవ్వుతూనే అన్నాడు. "నేను కోపగించుకోను. రాజధానిలో ఎవరైనా అడిగితే మాత్రం, రేవులంకవాళ్లు దైవానికి చోటు లేదన్నారని చెప్పాల్సి వస్తుంది. అబద్ధం ఆడలేను కదా."

బయ్యన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమిగూడిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజుకు ఎదురు చెప్పొచ్చు, మహా అయితే తల పోతుంది. దేవుడికి ఎదురు చెప్పామన్న పేరు వస్తే ఏడు తరాలు పోతాయి. చివరికి బయ్యన్న తల వంచి, "అవునవును," అన్నాడు.

సుకేతుడు ఇవేమీ వినడం లేదు. వీపు మీది బరువు దించిన క్షణం నుంచి అతని చూపు గోడ నడుమ ఒక చేతి అచ్చు మీదే నిలిచిపోయింది. పొడవాటి వేళ్లు. ఉంగరపు వేలి మొదట గుండ్రటి వెలితి, అక్కడ సున్నం అంటలేదు. రాజముద్రిక ఉన్న చోటు అది. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే అతను నడక నేర్చాడు. ఆ చేతి పక్కనే, దాన్ని ఆనుకున్నట్టుగా, మరో అచ్చు ఉంది. దానికి ఆరు వేళ్లు.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఒక ముసలామె వచ్చింది. చేతిలో తెడ్డు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన తడి చీర. పలకనూ చూడలేదు, అధికారినీ చూడలేదు. తిన్నగా అరుగెక్కి, ఆరువేళ్ల అచ్చు మీద తన అరచెయ్యి ఆనించి, "తిన్నావా అయ్యా?" అని అడిగి, కాసేపు ఆగి, దిగి వచ్చింది. ఆమె పేరు ఓబులమ్మ. రేవులో పడవ నడుపుతుంది.

"అమ్మా, ఈ చేతులేమిటి?" సుకేతుడు ఆమెను పక్కకు పిలిచి అడిగాడు.

"కొండల వైపు ఊరా నాయనా నీది? మా తీరంలో అన్ని చావళ్లకీ ఉంటయ్యి. సముద్రం మీదికి పొయ్యేవాడు సున్నంలో చెయ్యి ముంచి గోడ మీద పెట్టి పోతాడు. తిరిగొచ్చినవాడు తన చెయ్యి తనే జేగురుతో చెరుపుకుంటాడు. చెరుపుకోనోళ్లంతా ఇంకా దారిలో ఉన్నారన్నమాట."

"ఎన్నాళ్లయినా?"

"దారెంత దూరమో మనకేం తెలుసు?" ఓబులమ్మ తెడ్డు నేలకు ఆనించింది. "చెయ్యి గోడ మీద ఉన్నన్నాళ్లూ కర్మ చెయ్యం. పెళ్లాం బొట్టు తియ్యదు. శవం ఒడ్డుకు కొట్టుకొస్తే అప్పుడు ఇంటోళ్లు చెరుపుతారు. ఇంటోళ్లు చెరిపితే పోయినట్టే. ఆ ఆరువేళ్ల చెయ్యి మా తిమ్మడిది. పెద్ద రాజుగారబ్బాయి ఓడకి చుక్కాని పట్టాడు. ఇద్దరూ ఒకేసారి చేతులేశారు. చూడు, రాజబిడ్డ అని కూడా లేకుండా పక్కనే ఎలా ఆనించాడో మా వాడు."

ఆమె నవ్వింది. అన్న ఇంకా దారిలో ఉన్నాడు అన్న మాట ఇన్నేళ్లలో ఒక్కరూ అతనితో అనలేదు. కోటలో అందరూ అన్నను పోయినవాడి కిందే జమకట్టారు. ఈ పూరిచావడి మాత్రం అతనికి గోడ మీద చోటు అట్టిపెట్టింది.

కోమలదత్తుడు కర్ర ఎత్తి అందరినీ పిలిచాడు. "నాయనలారా, నేను కఠినుణ్ణి కాను. మేకులు దిగేది ఆ చేతుల మీదే అని నాకూ బాధగా ఉంది. పరాయి సుత్తి దెబ్బలు తగలడం కంటే, మీవాళ్ల చేతుల్ని మీరే ప్రేమతో చెరుపుకోండి. ఇదిగో తడిబట్టలు, ఇదిగో జేగురు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగుతాను."

ఎంత దయ అనుకున్నాడు సుకేతుడు. అంతకంటే పెద్ద పొరపాటు అతని జీవితంలో మరొకటి లేదు.

జనం కదల్లేదు. ఆడవాళ్లు కొంగులు నోట కుక్కుకుని ఏడుస్తున్నారు. భటులు మేకులు బయటికి తీశారు. ఒకడు కొలత చూస్తూ, సరిగ్గా ఆరువేళ్ల అరచేతి నడుమ మేకు మొన ఆనించి బొగ్గుతో గుర్తు పెట్టాడు. ఆ మేకు తన అరచేతిలోనే దిగుతున్నట్టు ఓబులమ్మ పిడికిలి బిగించుకుంది.

సుకేతుడు చూడలేకపోయాడు. జేగురు ముంత తనే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "అమ్మా, వాళ్లు మేకు దించకముందే నువ్వే చెరిపెయ్యి. నీ చేత్తో అయితే బిడ్డకు నొప్పి ఉండదు. చెరిపినంత మాత్రాన నిజంగా పోతాడా? తిరిగొచ్చి మళ్లీ పడవెక్కేటప్పుడు తూర్పుగోడ మీద వేయిద్దాం."

ఓబులమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "అంతే అంటావా నాయనా?"

"అంతే అమ్మా."

ఆమె అరుగెక్కింది. తడిబట్టతో మొదట అరచెయ్యి తుడిచింది. పసిపిల్లాడికి స్నానం చేయించేటప్పుడు తుడిచినట్టు, ఒక్కొక్క వేలే తుడిచింది. ఆరో వేలి దగ్గర ఆగింది. "ఇది చూసి అందరూ నవ్వుతారని చిన్నప్పుడు దాచుకునేవాడు," అంది ఎవరితోనో. తర్వాత అదీ చెరిగిపోయింది. ముంతలోని జేగురు పైన పూసి, ఖాళీ ముంత సుకేతుడికి తిరిగిచ్చింది. గోడ మీద అక్కడ ఎర్రటి ఖాళీ మిగిలింది.

అంతే. నది ఒక్కసారిగా ఊపిరి బిగపట్టినట్టు ఆగిపోయింది. అలలు లేవు, గాలి లేదు, రేవులో కట్టిన పడవలు బొమ్మల్లా నిలిచిపోయాయి. ఆ నిశ్చలమైన నీళ్ల మధ్య సుడి లేచింది. సుడిలోంచి ఒక తల, తల కింద నాచుపట్టిన కవచం, కవచం నుంచి కారుతున్న నల్లటి నీళ్లు. ఆకారం ఒడ్డెక్కింది. ముఖం ఉండాల్సిన చోట పొగమంచులాంటి మసక తప్ప కళ్లూ ముక్కూ లేవు. ఒళ్లంతా బూడిదరంగు. కుడి అరచెయ్యి మాత్రం జేగురంత ఎరుపు. ఆ చేతికి ఆరు వేళ్లు.

భటులిద్దరూ మేకులు అక్కడే పడేసి కాలికి బుద్ధి చెప్పారు. జనం చావడిలోకి ఒదిగిపోయారు. ఓబులమ్మ ఒక్కతే ఎదురు నడిచింది. "తిమ్మా," అంది. ఆకారం ఆమెను దాటుకుని పోయింది. కవచం నీళ్లు ఆమె చీర మీద చిందాయి, అంతే. పోయి కోమలదత్తుడి గుర్రం ముందు మోకరిల్లింది.

కోమలదత్తుడు తులసిపూసలు తెంపి పారేశాడు. కింద ఎముకల దండ ఉంది. వెండిపొన్నుల కర్ర బుసకొట్టి పాములా మెలిక తిరిగింది. మాట మాత్రం వెన్నలాగే ఉంది.

"ఎక్కువ బాధపడకండి. అంజనద్వీపంలో మీవాళ్లందరూ రాళ్లలో బందీలై ఉన్నారు. మా గురువు ఎన్ని మంత్రాలు వేసినా లొంగలేదు. ప్రాణాలు ఈ గోడల మీద పెట్టుకుని పోయారు కదా, ఎలా లొంగుతారు? ఈ అచ్చుల్ని వాన చెరపలేదు, నా మంత్రం చెరపలేదు. కన్నవాళ్లో తోడబుట్టినవాళ్లో తమ చేత్తో తుడవాలి. తుడిచిన మరుక్షణం వాడు మా బంటు. ఊరికే తుడవమంటే మీరు తుడుస్తారా? దైవం పేరు చెబితే తుడిచారు. తీరమంతా తుడిచింది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. దేవుడు అడగనిది కూడా పూజారి లాక్కుంటాడని ఆ వేళ రేవులంకకు తెలిసింది.

సుకేతుడు చేతిలోని ఖాళీ ముంత వైపు చూసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అయినా ఆకుల కోసం వెతికే రకమే అతనిది. ఒక్క అంగలో అరుగు దగ్గరికి దూకి గోడకు అడ్డంగా నిలబడ్డాడు.

"రా యువరాజా, నీ కోసమే ఇంత దూరం," అన్నాడు కోమలదత్తుడు. "మసి పూసుకుంటే రాచబిడ్డ కూలివాడైపోతాడా? సముద్రతీరానికి పోవద్దని గురువు ఎందుకన్నాడనుకున్నావు? వద్దంటే వస్తావని. జయకేతుడు లొంగితే ద్వీపంలో ఉన్నవాళ్లంతా లొంగుతారు. ఆ ఉంగరం చెయ్యి నువ్వు తుడవాలి."

"తల తెగినా తుడవను."

"నీ తల నాకెందుకు? తిమ్మా, ఆ ముసలిదాని గొంతు పట్టుకో."

ఆరువేళ్ల చెయ్యి ఓబులమ్మ మెడను పట్టింది. ఆమె కాళ్లు నేల నుంచి లేచాయి. తెడ్డు కింద పడింది. బయ్యన్న "అయ్యో" అని ఒక అడుగు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి వేశాడు.

"తుడువు యువరాజా. లేకపోతే కొడుకు చేతిలో తల్లి పోతుంది. ఆ పాపం ఎవరి ఖాతాలోదో నువ్వే తేల్చుకో. జేగురు ముంత ఆమె చేతికిచ్చింది ఎవరో నేను చూశాను."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సుకేతుడి చెయ్యి తడిబట్ట మీదికి పోయింది. అన్న చేతి అచ్చు అంత దగ్గర నుంచి చూస్తే అరచేతి గీతలు కూడా కనిపిస్తున్నాయి. అతని కళ్లు నిండిపోయాయి. ఏది చేసినా ఒకరి ప్రాణం తన చేతిమీదుగా పోవాల్సిందే.

ఓబులమ్మ గిలగిల కొట్టుకోలేదు. ఊపిరాడకపోయినా మెల్లగా కుడిచెయ్యి ఎత్తి, తన గొంతు మీదున్న ఆ ఎర్రటి చేతి మీద ఆనించింది. వేలు మీద వేలు. రోజూ పొద్దున్నే గోడ మీద ఆనించినట్టే.

"తిన్నావా అయ్యా?" అంది. గొంతులోంచి వచ్చింది గాలి తప్ప మాట కాదు.

ఆరో వేలు వణికింది. తర్వాత మిగతావి సడలాయి. ఆకారం ఆమెను కిందికి దించింది. పడేయలేదు, దించింది. కోమలదత్తుడి మొహంలో మొదటిసారి వెన్న కరిగింది. "పట్టుకో," అని అరిచాడు. ఆకారం కదల్లేదు.

ఆ క్షణమే చాలు సుకేతుడికి. కింద పడివున్న రాగి ఫలకాన్ని రెండు చేతులా ఎత్తి, ఎదురొమ్ముకు అడ్డం పెట్టుకుని, అరుగు మీది నుంచి ఎగిరి దూకాడు. మంత్రగాడి కర్ర నిప్పులు కక్కింది. నిప్పులు ఫలకానికి తగిలి చెల్లాచెదురయ్యాయి. దేవుడి మాటే కాపాడిందో, రాగి మందమే కాపాడిందో, అది విన్నవాళ్ల విశ్వాసానికే వదిలేద్దాం. ఫలకం అంచు కోమలదత్తుడి చెవి మీద పడింది. కర్ర విరిగి రెండు ముక్కలైంది. మనిషి గుర్రం మీది నుంచి బోర్లా పడి, దుమ్ములో దొర్లి, లేచేసరికి బూడిదరంగు కొంగ అయిపోయాడు.

"నువ్వు తుడవకపోతే ఏం?" కొంగ గాల్లోకి లేస్తూ అంది. "తుడిచేవాడు వెనకే వస్తున్నాడు."

కొంగ సముద్రం వైపు ఎగిరింది. కనిపించని తాడేదో లాగినట్టు ఆకారం దాని వెంట కదిలింది. మోకాలి లోతు, నడుము లోతు, గొంతు లోతు నీళ్లలోకి నడుచుకుంటూ పోయింది. పూర్తిగా మునిగేముందు వెనక్కి తిరిగి చూసిందో లేదో ఊళ్లో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఓబులమ్మ మాత్రం చూశాడనే అంది. నది మళ్లీ పారసాగింది.

సుకేతుడు పాగా తీసి, ఓబులమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మొహం మీది మసి చెమటకూ కన్నీళ్లకూ చారలు కట్టింది.

"అమ్మా, నేను రత్నకేతుడి కొడుకుని. జయకేతుడి తమ్ముణ్ణి. ముంత నీ చేతికిచ్చింది నేను. నొప్పి ఉండదన్నది నేను. తిట్టమ్మా. కొట్టినా పడతాను."

"నిన్ను తిడితే నా బిడ్డ చెయ్యి గోడెక్కుద్దా నాయనా?" ఓబులమ్మ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "పిండం పెట్టనా అంటే వాడు నడుచుకుంటా పోయాడు. పెట్టకుండా ఉండనా అంటే చెయ్యి చెరిపేశాను. మా పెద్దోళ్లు దేనికన్నా దారి చెప్పారు గానీ, దీనికి చెప్పలేదు. నాకు పాలుపోవట్లేదు."

ఆమె అప్పుడు ఏడ్చింది. సుకేతుడూ ఏడ్చాడు. యువరాజు అలా ఏడవచ్చా అని అడిగినవాళ్లు ఆ జనంలో లేరు.

ఎండ చావడి గడప దాటి లోపలికి వచ్చింది. బయ్యన్న సొట్టపడిన ఫలకాన్ని ఎత్తి, ఉత్తరీయంతో దుమ్ము తుడిచి, తూర్పుగోడకు తనే ఆనించి దండం పెట్టాడు. "ఆయన్ని మనమెందుకు నిందించాలి?" అన్నాడు నెమ్మదిగా. "ఆయన పేరు చెప్పి వచ్చినోడిది కదా తప్పు."

సుకేతుడు లేచాడు. "అమ్మా, అంజనద్వీపానికి దారి తెలుసా?"

"తిమ్మడి నాయన చూపించాడు. రాళ్ల నడుమ సన్నటి దారి. ఆటు నీళ్లు సముద్రంలోకి లాగుతుండగానే నది నోరు దాటాలి."

"అన్నను విడిపించాలి. నీ కొడుకును ఆ గురువు చెర నుంచి విడిపించే ఉపాయం ఉంటే అదీ అక్కడే దొరకాలి. దొరుకుతుందని చెప్పలేను. ఇంకోసారి నాకు తెలియని మాట నీకు చెప్పను."

ఓబులమ్మ తెడ్డు చేతికి తీసుకుంది. అంతలోనే ఆగి, "చెయ్యి వెయ్యకుండా పోతావా?" అంది.

సున్నం గిన్నె వచ్చింది. నత్తగుల్లలు కాల్చిన సున్నం, పాలంత తెలుపు. సుకేతుడు అందులో కుడిచెయ్యి ముంచి గోడ ముందు నిలబడ్డాడు. ఎక్కడ వెయ్యాలో తోచలేదు. ఓబులమ్మ అతని మణికట్టు పట్టుకుని, జయకేతుడి చేతి పక్కన, ఇంకా తడి ఆరని ఎర్రటి ఖాళీ దగ్గరికి తీసుకుపోయింది.

"ఇక్కడ వెయ్యి. ఖాళీగా ఉంటే చూడలేను."

అతను వేశాడు. ఐదు వేళ్ల చెయ్యి ఆ చోటికి కాస్త చిన్నదే అయింది. దాని పక్కన ఓబులమ్మ తన చెయ్యీ వేసింది. "నా చెయ్యి చెరిపే అయినవాళ్లు ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు," అంది. "ఆ మంత్రగాడు నన్నేం చెయ్యలేడు. అదొక్కటే లాభం."

పోయేముందు సుకేతుడు బయ్యన్న భుజం మీద చెయ్యి వేశాడు. "తాతా, ఎవరొచ్చి చెరపమన్నా చెరపనివ్వకు."

"అవునవును," అన్నాడు బయ్యన్న. ఆ మాట విని సుకేతుడికి గుండె జారింది.

పడవ తాడు తెగినట్టు దూసుకుపోయింది. నది నోటి దగ్గర నీళ్లు రెండు రంగుల్లో పెనుగులాడుతున్నాయి, ఇటు ఎరుపు, అటు నీలం. తెల్లటి నురగలో రాళ్ల మొనలు తేలి మునుగుతున్నాయి. ఓబులమ్మ తెడ్డు ఒక్కో రాయినీ తప్పిస్తోంది. ఆటు వెనకనుంచి తోస్తోంది, ముందుకు తప్ప మరోవైపుకు పడవ తిరగదు.

అప్పుడు వెనక తీరం మీద, రాజమార్గం వైపు, దుమ్ము లేచింది. దుమ్ములోంచి శంఖాలు మోగాయి. ముందు నడుస్తున్న మనిషి పాదాలకు చెప్పులు లేవు, నెత్తిన కిరీటం లేదు. తల మీద మాత్రం తెల్లగొడుగు పట్టారు. పక్కన కాషాయం కట్టిన పొడవాటి మనిషి ఆ గొడుగు నీడలోనే నడుస్తున్నాడు.

"ఎవరు నాయనా?"

"మా నాన్న," అన్నాడు సుకేతుడు. "పక్కన గురువు."

తుడిచేవాడు వెనకే వస్తున్నాడని కొంగ అన్న మాట అతనికి అప్పుడు అర్థమైంది. కట్టడి దాటిన కొడుకు పాపానికి ప్రాయశ్చిత్తంగా దైవవాక్యానికి చోటు నీ చేత్తోనే శుభ్రం చెయ్యి మహారాజా అని గురువు చెప్పి ఉంటాడు. నాన్న కాదనడు. కళ్ల నీళ్లు పెట్టుకుని, భక్తితో తుడుస్తాడు. అన్న చెయ్యీ, దాని పక్కనున్న చెయ్యీ. అవి ఎవరివో ఆయనకు ఎవరూ చెప్పరు.

"నాన్నా," అని కేకేశాడు. కెరటాల హోరులో ఆ కేక అతనికే వినిపించలేదు.

తెల్లగొడుగు చావడి దగ్గర ఆగింది. అంత దూరం నుంచి మనుషులు చీమలంత ఉన్నారు. చావడి గుమ్మంలో ఒక చీమ రెండు చేతులూ బారజాపి అడ్డం నిలబడింది. అది బయ్యన్నే. కాదు అనే మాట ఎలా పలకాలో ఆ ముసలివాడు ఆ వయసులో నేర్చుకుంటున్నాడు. భటులు అతన్ని పక్కకు లాగారు. అతను మళ్లీ వచ్చి నిలబడ్డాడు. మళ్లీ లాగారు. తెల్లగొడుగు లోపలికి పోయింది.

సుకేతుడు తన కుడిచెయ్యి విప్పి చూసుకున్నాడు. అరచేతిలో సున్నం ఇంకా తెల్లగా, తడిగా ఉంది. చూస్తుండగానే చిటికెన వేలి కొసన తెలుపు మాయమై, జేగురు రంగు తిరిగింది. వేలు చల్లబడింది. గిల్లి చూస్తే తెలియలేదు.

"ఏమైంది నాయనా? తిరుగుదామా?" ఓబులమ్మ అడిగింది.

"తిరగడానికి లేదమ్మా. నాన్న తుడుస్తున్నాడు, అన్న చేతిదాకా రాకముందే మనం ద్వీపం చేరాలి," అని, తెల్లగా మిగిలిన నాలుగు వేళ్లతో సుకేతుడు రెండో తెడ్డు అందుకున్నాడు.